ఎల్లారెడ్డి నుంచి మెయిల్ పెట్టెకు నల్లతెర దారి

కామారెడ్డిలోనైనా ఎల్లారెడ్డిలోనైనా నెట్ సెంటర్ దగ్గర కాసేపు నిలబడితే ఈ మాట వినబడుతుంది: "అన్నా, నాకు మెయిల్ ఐడీ లేదు, నీదే పెట్టు." స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు నీదే పెట్టు, పాస్‌పోర్టుకు నీదే పెట్టు, దుబాయ్ కంపెనీవాళ్లు వీసా కాపీ పంపిస్తారు, అదీ నీదానికే తెప్పించు. గల్ఫ్ వలస ఎక్కువగా ఉన్న ప్రాంతం కాబట్టి ఆ చివరిది ఇక్కడ రోజువారీ విషయం. ఇట్లా ఏళ్లు గడిచేసరికి ఒక్క సెంటర్ మెయిల్ పెట్టెలో ఎందరివో ఆధార్ కార్డులు, పాస్‌పోర్టు పేజీలు, మార్కుల మెమోలు చేరిపోతాయి. జీమెయిల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అదీ ఫొటోలతో, డ్రైవ్‌తో కలిపి. అది నిండాక కొత్త మెయిల్ రాదు. ఎవరి దరఖాస్తుకో రావాల్సిన ఓటీపీ కూడా రాదు.

లైను బాగున్నప్పుడు బ్రౌజర్ తెరిచి, పాతవి వెతికి, అన్నీ ఎంచి తీసేయడమే సులువు. అందులో సందేహం లేదు. లైను సన్నబడినప్పుడు, ఒక్క పెద్ద అటాచ్‌మెంట్ అడ్డుపడి అవుట్‌లుక్ అక్కడే గిరగిరా తిరుగుతున్నప్పుడు, లేదా పెట్టె మన కంప్యూటర్లో కాక ఎక్కడో సర్వర్ మీద ఉండి వేల మెయిళ్లను ఒక నియమం ప్రకారం సర్దాల్సి వచ్చినప్పుడు ఇంకో దారి ఉంది. నల్లతెర మీద ఆదేశాలు టైపు చేసి, దూరంగా ఉన్న పెట్టెను ఉన్నచోటే సర్దడం. మెయిల్ పుట్టినప్పుడు ఉన్నది ఈ దారే. ఇప్పుడు ఇది ఎంతవరకు నడుస్తుంది, ఎక్కడ మూసుకుపోయింది, తెలుగు మెయిల్‌తో ఎక్కడ తడబడుతుంది అన్నది ఈ వ్యాసం చూడబోయే విషయం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఏ ప్రోగ్రాం మంచిది అని అడిగేవాళ్లే ఎక్కువ. ముందు అడగాల్సింది మాత్రం పెట్టె ఎవరి సర్వర్ మీద ఉంది అని. మిగతావన్నీ దాన్నిబట్టే తేలతాయి.

మనదేశంలో ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో మొదలుపెట్టిన ఎర్నెట్ ద్వారా విద్యాసంస్థలకు మెయిల్ అందింది. మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా. అప్పట్లో తక్కువ ధరకు దొరికేది షెల్ అకౌంట్. మోడెమ్‌తో ఫోన్ కలిపితే వీఎస్‌ఎన్‌ఎల్ వారి యూనిక్స్ యంత్రం మీద ఒక నల్లతెర తెరుచుకునేది. బొమ్మలు లేవు, మౌస్ లేదు. మెయిల్ చదవడానికి పైన్ అనే ప్రోగ్రాం ఉండేది, అది వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 1989లో పుట్టింది. హైదరాబాద్ చందాదారుల చిరునామాల చివర 'హెచ్‌డీ1 డాట్ వీఎస్‌ఎన్‌ఎల్ డాట్ నెట్ డాట్ ఇన్' అని ఉండేది. పాత విజిటింగ్ కార్డులు దాచుకున్నవాళ్లకు అది ఇప్పటికీ కనబడుతుంది. ఆ పెట్టె మన ఇంట్లో ఎన్నడూ లేదు, మనమే దాని దగ్గరికి వెళ్లేవాళ్లం.

అమెరికా చదువులకు వెళ్లిన తెలుగువాళ్లు అప్పటికే ఈ తెరల మీద ఉత్తరాలు రాసుకుంటున్నారు. అక్కడ తెలుగు అక్షరం పలకదు. అందుకే రైస్ విశ్వవిద్యాలయంలో ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతి పుట్టింది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగును తప్పుల్లేకుండా రాసే కట్టుబాటు అది. 2000ల్లో వచ్చిన లేఖిని అనే తెలుగు టైపింగ్ పనిముట్టు దాని మీదే ఆధారపడింది. అంటే ఇవాళ ఫోన్లో ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకునే మన అలవాటు వెనక నల్లతెర మెయిల్ ఇరుకు కూడా ఒక కారణం.

ఆ రోజుల్లో దూరపు యంత్రానికి వెళ్లే వాహనం టెల్నెట్. పాస్‌వర్డ్ సహా ప్రతి అక్షరమూ దారిలో ఎవరైనా చదవగలిగేలా వెళ్లేది. హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్కులో ఎవరో పాస్‌వర్డులు దొంగిలించారు. దాంతో టటు యులోనెన్ 1995లో ఎస్ఎస్‌హెచ్ రాశాడు. 1999లో ఓపెన్ఎస్ఎస్‌హెచ్ వచ్చాక అది అందరిదీ అయింది. ఇప్పుడు దూరం నుంచి నల్లతెర అంటే ఎస్ఎస్‌హెచ్ అనే అర్థం. సర్వర్లలోకి వెళ్లడానికి టెల్నెట్ వాడుతున్న చోటు ఏదైనా ఉంటే దాన్ని వెంటనే మూసేయాలి.

నల్లతెరతో పెట్టె దగ్గరికి చేరే పద్ధతులు రెండు రకాలు. సర్వర్‌తో దాని భాషలోనే మాట్లాడటం ఒకటి. ఆ యంత్రంలోకే ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్లి లోపల పనిచేయడం ఇంకొకటి. మొదటిదానికి మెయిల్ ఖాతా ఉంటే చాలు, రెండోదానికి యంత్రంలో చోటు ఉండాలి.

మొదటిదానిలో సులువైనది పాప్3. పది పదకొండు ఆదేశాలతో అయిపోయే చిన్న భాష. స్టాట్ అంటే ఎన్ని మెయిళ్లు, మొత్తం ఎన్ని బైట్లు అని చెబుతుంది. లిస్ట్ అంటే ఒక్కోదాని బరువు చెబుతుంది. టాప్ అంటే ఉత్తరం మొత్తం కాక పైభాగం మాత్రమే చూపిస్తుంది. డెలీ అంటే తీసేయడానికి గుర్తు పెడుతుంది. అవుట్‌లుక్ మింగలేక ఆగిపోయిన ఆ ఒక్క 20 ఎంబీ మెయిల్‌ను కిందికి దించుకోకుండానే తీసేసే ఉపాయం ఇది. డయలప్ కాలంలో దీన్ని తెలిసినవాడికి ఆఫీసుల్లో మంచి గిరాకీ. ఒక మెలిక మాత్రం ఉంది. డెలీ కొట్టగానే మెయిల్ పోదు. క్విట్ చెప్పి మర్యాదగా బయటికి వస్తేనే పోతుంది. మధ్యలో లైను తెగితే అన్నీ యథాతథంగా ఉంటాయి. మన కరెంటు సంగతి తెలిసినవాళ్లకు ఇది లోపంలా కాక రక్షణలా అనిపిస్తుంది.

ఇప్పటి సర్వర్లు గుప్తీకరించిన దారినే ఒప్పుకుంటాయి. పాప్3కి 995, ఐమ్యాప్‌కి 993 పోర్టు. వట్టి టెల్నెట్ అక్కడ పనిచేయదు. ఓపెన్ఎస్ఎస్ఎల్‌లోని ఎస్-క్లయింట్ అనే పనిముట్టుతో కలవాలి. ఇక్కడే చాలామంది జారిపడే గుంట ఒకటుంది. ఎస్-క్లయింట్‌లో వరుస మొదట్లో ఇంగ్లిష్ పెద్ద అక్షరం ఆర్ కొడితే అది సర్వర్‌కు వెళ్లదు, కనెక్షన్‌ను మళ్లీ బేరమాడమనే ఆదేశం అనుకుంటుంది. పెద్ద అక్షరం క్యూ కొడితే వెంటనే లైను కోసేస్తుంది. పాప్3లో ఉత్తరం తెప్పించే రెటర్ ఆర్‌తో మొదలవుతుంది, సెలవు తీసుకునే క్విట్ క్యూతో మొదలవుతుంది. పుస్తకంలో ఉన్నట్టు పెద్ద అక్షరాల్లో కొట్టినవాడు వంద మెయిళ్లకు డెలీ గుర్తు పెట్టి, చివర క్విట్ కొట్టి, పని అయిందనుకుని లేస్తాడు. ఒక్కటీ పోదు. ఆదేశాలను చిన్న అక్షరాల్లో కొట్టాలి, లేదా మొదలుపెట్టేటప్పుడే క్వయట్ అనే మీట పెట్టాలి. అంతే తేడా.

ఐమ్యాప్ సత్తా వేరు. స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ 1986లో మొదలుపెట్టిన ఈ పద్ధతిలో మెయిల్ సర్వర్ మీదే ఉంటుంది, వెతుకులాట కూడా సర్వరే చేస్తుంది. 50 లక్షల బైట్లకంటే పెద్దవి, 2021 జనవరి 1కి ముందువి చూపించు అని ఒక్క వరుసలో అడిగితే అది కొన్ని అంకెలు మాత్రమే తిరిగి పంపుతుంది. పెట్టెలో 15 జీబీ ఉన్నా మన లైను మీద నడిచేది కొన్ని వందల బైట్లు. అదే పని కోసం పెట్టె అంతా కిందికి దించుకోవడమంటే ఒక్క చేప కోసం నిజాంసాగర్ నీళ్లన్నీ ఇంటికి మోసుకొచ్చినట్టే. పైగా జీమెయిల్ ఐమ్యాప్ ద్వారా రోజుకు 2,500 ఎంబీ మించి దించుకోనివ్వదు. నిండిన ఉచిత పెట్టెను పూర్తిగా దించాలంటే లైను ఎంత గొప్పదైనా ఆరు రోజులు పడుతుంది.

జీమెయిల్‌కు ఇంకో సౌకర్యం ఉంది. ఎక్స్-జీఎం-రా అనే అదనపు ఆదేశంతో, బ్రౌజర్‌లో వెతికే మాటలనే ఐమ్యాప్‌లోనూ వాడొచ్చు. తీసివేత దగ్గర మాత్రం జాగ్రత్త. జీమెయిల్‌లో ఫోల్డర్ అనేది నిజానికి చీటీ. ఇన్‌బాక్స్‌లో తీసేశాను అనుకుంటే చీటీ ఒక్కటే ఊడి, ఉత్తరం 'ఆల్ మెయిల్'లో క్షేమంగా ఉండిపోవచ్చు. స్థలం ఒక్క కేబీ కూడా తగ్గదు. ట్రాష్ ఫోల్డర్‌కు పంపితేనే అసలు పని. ఆ ఫోల్డర్ పేరు కూడా ఖాతా భాషను బట్టి మారుతుంది. అమెరికా ఇంగ్లిష్‌లో ట్రాష్, బ్రిటన్ ఇంగ్లిష్‌లో బిన్. ఖాతా తెలుగులో పెట్టుకున్నవాళ్లకు ఆ పేరు ఐమ్యాప్‌లో ఆంపర్‌సాండ్ గుర్తు తర్వాత డీ అక్షరంతో మొదలయ్యే అర్థంకాని గొలుసులా కనబడుతుంది. పాత ఐమ్యాప్ ఫోల్డర్ పేర్లను ఏడు బిట్లలోకి కుదించేది. తెలుగు అక్షరాలన్నీ యూనికోడ్‌లో ఒకే వరుసలో ఉంటాయి కాబట్టి ఆ కుదింపులో అన్నిటికీ మొదట డీ వస్తుంది. పేరుతో తలపడకుండా, ఫోల్డర్ల జాబితా అడిగి, ఏ పేరు పక్కన ట్రాష్ అనే గుణం ఉందో చూడటం తేలిక.

ఇక తలుపుల సంగతి. పైన చెప్పిన ఉపాయాలన్నీ ఒకప్పుడు మామూలు పాస్‌వర్డ్‌తో నడిచేవి. గూగుల్ 2022 మే 30 నుంచి మామూలు ఖాతాలకు ఆ తలుపు మూసేసింది. మైక్రోసాఫ్ట్ కంపెనీల ఖాతాలకు 2022 అక్టోబర్ నుంచి, సొంత అవుట్‌లుక్ ఖాతాలకు 2024 సెప్టెంబర్ 16 నుంచి మూసేసింది. జీమెయిల్‌లో మిగిలినవి రెండు దారులు. రెండంచెల తనిఖీ పెట్టుకుని 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవడం, లేదా ఓఆత్ టోకెన్. మైక్రోసాఫ్ట్ దగ్గర ఓఆత్ ఒక్కటే. అది చేత్తో టైపు చేసే వ్యవహారం కాదు, దానికి చిన్న స్క్రిప్టు కావాలి. మట్ ప్రోగ్రాంతోపాటు అలాంటిది వస్తుంది. మూయడం తప్పని నేననను, దొంగ పాస్‌వర్డులతో జరిగే దాడి చాలావరకు ఆ పాత తలుపు గుండానే వచ్చేది. కానీ ఫలితం గమనించాలి. ఉచిత పెట్టెను నల్లతెరతో సర్దడం ఇప్పుడు ఆ కంపెనీ దయమీద ఆధారపడిన పని. వాళ్లు రేపు యాప్ పాస్‌వర్డులు తీసేస్తే ఎల్లారెడ్డి నెట్ సెంటర్ మళ్లీ బ్రౌజర్ ముందే కూర్చోవాలి.

సొంత డొమైన్, సొంత సర్వర్ ఉన్నవాళ్ల కథ వేరు. ఒక కాలేజీ, ఒక సహకార సంఘం, ఒక ప్రైవేటు ఆసుపత్రి ఏటా కొంత అద్దె కట్టి హోస్టింగ్ తీసుకుని, తన పేరుతో మెయిల్ చిరునామాలు పెట్టుకుంటుంది. ఆ అద్దెలో చాలాసార్లు ఎస్ఎస్‌హెచ్ కూడా ఉంటుంది. సర్వర్ ముంబైలో ఉన్నా జర్మనీలో ఉన్నా కామారెడ్డిలో కూర్చుని లోపలికి వెళ్లొచ్చు. రోజూ చదివి జవాబులు రాయడానికి మట్, ఆల్పైన్ ఉన్నాయి. మట్‌ను మైకేల్ ఎల్కిన్స్ 1995లో రాశాడు. ఆల్పైన్ పైన్‌కు వారసురాలు. అలవాటైతే మట్ వేగం దేనికీ రాదు. ఒక అక్షరం కొట్టి ఫలానావారి మెయిళ్లన్నీ గుర్తు పెట్టి, ఇంకో అక్షరంతో వేరే ఫోల్డర్‌కు పంపేయొచ్చు. అలవాటు కావడానికి మాత్రం ఓపిక పడుతుంది. ఆఫీసు క్లర్కుకు దీన్ని నేర్పుతానని బయల్దేరేవారిని నేను ప్రోత్సహించను. ఇది సర్వర్ చూసుకునే మనిషి పనిముట్టు.

ఆ మనిషికి అసలు ఆయుధం డవ్‌అడ్మ్. టిమో సిరైనెన్ రాసిన డవ్‌కాట్ అనే మెయిల్ సర్వర్‌తోపాటు వచ్చే ఆదేశం. ఫలానా ఖాతాలో, ఫలానా ఫోల్డర్‌లో, 365 రోజులు దాటినవి తీసేయి అని ఒక్క వరుసలో చెబితే చేస్తుంది. ముందు అదే షరతుతో సెర్చ్ నడిపి, ఎన్ని వస్తాయో చూసి, ఆ తర్వాతే తీసేసే ఆదేశమైన ఎక్స్‌పంజ్ నడపడం తెలివి. వయసును మూడు రకాలుగా కొలవొచ్చన్నది మరవకూడదు. ఉత్తరం రాసిన తేదీ, సర్వర్‌కు అందిన తేదీ, ఈ పెట్టెలో భద్రపరిచిన తేదీ. కాలేజీ గత నెలలోనే కొత్త హోస్టింగ్‌కు మారితే, చివరి కొలత ప్రకారం పదేళ్లనాటి ఉత్తరం వయసు కూడా ఒక నెలే. ఆదేశం నడుస్తుంది, ఏదీ పోదు, స్థలం తగ్గదు. ఫైళ్లను నేరుగా ఫైండ్ ఆదేశంతో వెతికి తీసేసేవాళ్లూ ఉన్నారు. ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలుగా ఉండే మెయిల్‌డిర్ పద్ధతిలో అది చాలావరకు కుదురుతుంది. డవ్‌కాట్ సొంత డీబాక్స్ పద్ధతుల్లో అలా చేస్తే సూచికలు పాడవుతాయి. అక్కడ ఫైళ్లను చేత్తో ముట్టుకోవద్దు.

తెలుగు మెయిల్ సంగతికి వస్తే నల్లతెర ఇప్పటికీ సిగ్గుపడాల్సిన స్థితిలోనే ఉంది. టెర్మినల్ తెరంటే సమానమైన గళ్ల పట్టిక. తెలుగు వత్తులు, గుణింతాలు ఆ గళ్లలో కూర్చోవు. 'కామారెడ్డి' అన్న మాటలో 'డ్డి' విడిపోయి, దీర్ఘం పక్క గడి మీదికి పొర్లి, కర్సర్ ఒకచోట, అక్షరం మరోచోట ఉంటాయి. ఎంఎల్‌టెర్మ్ లాంటి కొన్ని టెర్మినళ్లు భారతీయ లిపులకు మెరుగు. ఈమ్యాక్స్‌లో 2020లో 27వ వెర్షన్ వచ్చాక తెలుగు బాగా కనబడుతోంది, మెయిల్ అందులోనే చదువుకోవచ్చు. మిగతాచోట తెలుగు ఉత్తరాన్ని టెర్మినల్‌లో ఎంచి, బ్రౌజర్‌లో చదవడమే ఇప్పటికి రాజీ.

ముడి రూపంలో తెలుగు ఎలా ఉంటుందో తెలిస్తే పని సగం తేలికవుతుంది. 1992లో మైమ్ ప్రమాణం వచ్చాకే ఇంగ్లిష్ కాని ఉత్తరం మెయిల్‌లో సక్రమంగా ప్రయాణించింది. తెలుగు సబ్జెక్టు సాధారణంగా బేస్64 రూపంలో వెళ్తుంది. తెలుగు కోడ్ ఒక్కోటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు, బేస్64లో నాలుగు అక్షరాలు. మొదటి మాటలో ప్రతి నాలుగింటి మొదట 4ఎల్‌సీ గానీ 4ఎల్‌జీ గానీ కనబడుతుంది. చెత్తలా కనిపించే వరుసలో ఇది మళ్లీ మళ్లీ వస్తుంటే అది తెలుగని కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ఐమ్యాప్‌లో తెలుగు మాటతో వెతకాలంటే దాని పొడవు బైట్లలో ముందే చెప్పాలి. 'కామారెడ్డి', 'ఎల్లారెడ్డి' రెండూ చూపుకు నాలుగేసి అక్షరాలే. సర్వర్‌కు చెప్పాల్సింది మాత్రం మొదటిదానికి 30, రెండోదానికి 33. ఎల్లారెడ్డిలో ల వత్తు దాని పొల్లుతో సహా విడిగా లెక్కకొస్తుంది మరి. నాలుగని చెబితే సర్వర్ ఎదురుచూపులో మనల్ని నిలబెట్టదు, నేరుగా తప్పు అంటుంది.

యూనికోడ్‌కు ముందు కాలపు మెయిళ్లతో ఈ లెక్కలూ పనిచేయవు. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టి పంపిన కరపత్రాలు, పెళ్లి పత్రికలు, విలేకరులు డెస్కుకు పంపిన వార్తలు యంత్రానికి అర్థంలేని ఇంగ్లిష్ గుర్తుల వరుసలే. ఏ సెర్చికీ చిక్కవు. తేదీతో, పంపినవారి పేరుతో, బరువుతో వెతకడం తప్ప గత్యంతరం లేదు. అలాంటి పాత పెట్టె ఎవరిదగ్గరైనా ఉంటే తీసేసేముందు ఒక కాపీ పక్కన పెట్టమంటాను. అందులో ఊరి చరిత్ర ఎంతుందో ఇంకా ఎవరూ చూడలేదు.

లైను విషయం. కామారెడ్డి 44వ జాతీయ రహదారి మీద, సికింద్రాబాద్-నిజామాబాద్ రైలు మార్గం మీద ఉన్న ఊరు. ఎల్లారెడ్డికి ఆ రెండూ లేవు. నాగిరెడ్డిపేట, గాంధారి వైపు లోపలి ఊళ్లలో సిగ్నల్ చెట్లను, గుట్టలను బట్టి వస్తూ పోతూ ఉంటుంది. 2025 ఆగస్టు చివర్లో ఈ జిల్లాలో రోడ్లు, రైలు కట్ట కొట్టుకుపోయిన వానల్లాంటివి వస్తే చెప్పనక్కర్లేదు. ఎస్ఎస్‌హెచ్‌కు కావాల్సిన వేగం తక్కువే, కానీ లైను తెగితే పని కూడా తెగుతుంది. రెండు పనిముట్లు దీన్ని కాస్తాయి. టీమక్స్‌ను సర్వర్ మీద నడిపితే, మనవైపు కరెంటు పోయినా అక్కడ పని సాగుతూనే ఉంటుంది, తిరిగి వెళ్లి అందుకోవచ్చు. ఎంఐటీలో తయారై 2012లో వచ్చిన మాష్, వైఫై నుంచి మొబైల్ డేటాకు మారినా లైను తెగనివ్వదు. ఆండ్రాయిడ్ ఫోన్లో టర్మక్స్ అనే యాప్ పెట్టుకుంటే ఇదంతా ఫోన్లోనే అవుతుంది. చిన్న తెర మీద, వేలితో, ఎక్స్‌పంజ్ లాంటి ఆదేశం కొట్టడం మాత్రం నాకు భయమే.

తీసేయడం అనగానే ఏది తీసేయొచ్చు అన్న ప్రశ్న వస్తుంది. ప్రభుత్వ కార్యాలయమైతే సమాచార హక్కు చట్టం, 2005 'సమాచారం' అన్నదాని నిర్వచనంలోనే ఈమెయిళ్లను చేర్చింది. తహసీల్ కార్యాలయం పెట్టె నిండిందని ఆపరేటర్ ఒక్క వరుస కొట్టి నిరుటి మెయిళ్లన్నీ ఊడ్చేయడం శుభ్రత కిందికి రాదు. 2016 అక్టోబర్ 11న నిజామాబాద్ నుంచి విడివడి కామారెడ్డి జిల్లా అయ్యాక ఏర్పడ్డ కార్యాలయాలకు ఇప్పటికి దాదాపు పదేళ్ల ఉత్తరాలు పేరుకుని ఉంటాయి. వాటిని తీసేయడానికి బదులు, పాతవాటిని వేరే నిల్వకు తరలించడం సరైన పని. ఎంబీసింక్, ఐమ్యాప్‌సింక్ దానికే ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మెయిల్ ఇప్పుడు ఎన్ఐసీ ఆధ్వర్యంలో జోహో వేదిక మీదికి మారింది. అక్కడ ఏది ఎంతకాలం ఉంచాలి, ఎవరు ఎలా లోపలికి రావచ్చు అన్నది మండల స్థాయిలో తేలే విషయం కాదు.

నెట్ సెంటర్‌కు తిరగబడిన సమస్య. అక్కడ ఉంచుకోవడమే ప్రమాదం. ఎవరో తెలియని వందమంది పాస్‌పోర్టు కాపీలు ఒక్క పాస్‌వర్డ్ వెనక ఉన్నాయి, ఆ పాస్‌వర్డ్ కౌంటర్ దగ్గర కూర్చునే ముగ్గురు నలుగురికి తెలుసు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. పని తీరిన వివరాలను ఉంచుకోకూడదన్నది దాని మూలసూత్రాల్లో ఒకటి. నెలకోసారి, అటాచ్‌మెంట్ ఉండి, 90 రోజులు దాటినవాటిని ట్రాష్‌కు పంపే చిన్న స్క్రిప్టు ఇక్కడ అవసరం. యాప్ పాస్‌వర్డ్ దానికి చాలు. ఆ 16 అక్షరాలు స్క్రిప్టులో పచ్చిగా రాసి ఉంటే మాత్రం, ఆ ఫైలు చూసినవాడికి ఓటీపీ అడగకుండానే పెట్టె మొత్తం తెరుచుకుంటుంది. గూగుల్ ఖాతా అసలు పాస్‌వర్డ్ మార్చితే పాత యాప్ పాస్‌వర్డులన్నీ రద్దవుతాయి. కౌంటర్ మనిషి మానేసిన రోజు చేయాల్సింది అదే.

సొంత సర్వర్ ఉన్నచోట అదే రోజున చేయాల్సిన పని ఇంకోటి ఉంది. పాస్‌వర్డుతో లోపలికి రానివ్వడం మానేసి తాళంచెవి ఫైళ్లతోనే రానివ్వడం ఇప్పుడు మామూలు జాగ్రత్త, ఎందుకంటే 22వ పోర్టు మీద రాత్రింబవళ్లు యంత్రాలు పాస్‌వర్డులు ఊహిస్తూనే ఉంటాయి. ఆ తాళంచెవుల జాబితా ఆథరైజ్డ్ కీస్ అనే ఫైలులో, మనిషికి ఒక వరుసగా ఉంటుంది. కాలేజీకి సర్వర్ పెట్టి ఇచ్చిన కుర్రాడు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతాడు, పాస్‌వర్డులన్నీ మారుస్తారు, ఆ ఫైలు తెరవాలని ఎవరికీ తోచదు. పాస్‌వర్డ్ మార్చినంతమాత్రాన ఆ చెవి రద్దు కాదు. ఫైలు తెరిచి అతని వరుస తీసేయాలి.